ఎడమ కాలువ కింద ఒక ఉల్టా ఫోటో

ఆ రోజుల్లో ఒక మనిషి తన జీవితకాలం మొత్తంలో పదో పన్నెండో ఫోటోల్లో కనిపించేవాడు. వాటిలోనూ సగం సర్కారు అడిగితే దిగినవి. మిగిలిన సగంలో పెళ్లిబంతిలో ఎవరి భుజం వెనకనుంచో తొంగి చూసే సగం ముఖం ఒకటి, తిరునాళ్లలో రంగుల పరదా ముందు ఊపిరి బిగబట్టిన ముఖం ఒకటి ఉండేవి. ఇప్పుడు మా ఇంట్లో అన్నప్రాసన ఇంకా కాని ఒక పసివాడికి నా ఫోనులోనే ఆరువందల ఫోటోలున్నాయి, వాటిలో వాడు నిద్రపోతున్నవే నాలుగువందలు. ఈ తేడాను గురించి నేను ఆలోచించడానికి కారణం తాత్త్వికమైనది కాదు. మిర్యాలగూడలో ఉండే మా అక్క పోయిన వేసవిలో ఒక రేకుపెట్టె నిండా పాత ఫోటోలు పంపించి, "నీకు ఎర్కైన పనే గదరా, జర కంప్యూటర్ల ఎక్కియ్యి" అన్నది. అప్పటినుంచి నా ఆదివారాలన్నీ ఆ పెట్టెలోకే పోతున్నాయి. ఒక ఫోటో తుడవడం, స్కానర్ అద్దం మీద పెట్టడం, దీపం ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచేంతవరకు గోడవైపు చూస్తూ కూర్చోవడం. పని నాకు తెలిసినదే. అదే చిక్కు. తెలిసిన పనిలో అలసట మొదటి ఫోటోతోనే మొదలవుతుంది.

ఈ పని నేను నేర్చింది సూర్యాపేటలో, మా చిన్నాయన స్టూడియోలో. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఎనిమిది నెలలు అక్కడ కూర్చున్నాను. కంప్యూటర్లు అప్పుడప్పుడే ఫోటోల దుకాణాల్లోకి వస్తున్నాయి. చిన్నాయన ఎవరో చెప్పగా విని, స్లైడ్లను కూడా చదవగల ఒక స్కానర్ కొన్నాడు. కొన్న మర్నాటినుంచే దాన్ని అనుమానంగా చూడడం మొదలుపెట్టాడు. నేను మాత్రం దాని కోసం రెండువందల పేజీల పొడుగు నోటుపుస్తకం ఒకటి తెరిచి, మొదటి పేజీలో 'నిబంధనలు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. దుమ్ము తుడిచే దిశ ఒక నిబంధన, ఫైలుకు పేరు పెట్టే పద్ధతి ఒక నిబంధన. (ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక యువకుడు ఇంత గంభీరంగా ఉండగలడా అని అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.) చిన్నాయనకు వాటి మీద గౌరవం లేదు. "ఫోటో అంటే ఏం లేదు బిడ్డా, మొఖం జర తెల్లగ రావాలె, ఎనక పూలు పడాలె. ఇగ నీ దిశలు గిశలు ఎవడు అడుగుతడు" అనేవాడు. దిశల గురించి అడిగే మనిషి మూడో నెలలోనే వచ్చింది.

ఆమెది కోదాడ పక్కన చిలుకూరు. అరవై దాటిన మనిషి, ఒక కంటికి కొత్తగా ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకున్నది. కొడుకు వెంట వచ్చింది. ఒడిలో ఒక స్టీలు టిఫిన్ డబ్బా. వయసునుబట్టి నేను పెద్దమ్మా అన్నాను, ఆ పిలుపే నిలిచిపోయింది. డబ్బా మూత తీస్తే లోపల స్లైడ్లు, తెర మీద వేసి చూపించే ఫిల్ము ముక్కలు, నూట నలభై మూడు. ఆమె తమ్ముడు వ్యవసాయశాఖలో పనిచేసి మిర్యాలగూడలో స్థిరపడ్డ మనిషి. ఊరూరా రైతులను కూర్చోబెట్టి తెర మీద పురుగుల బొమ్మలు చూపించడం ఆయన ఉద్యోగంలో ఒక భాగం. ఆ బొమ్మల మధ్యలో ఎక్కడో తన బావను కూడా తీశాడట.

"మా ఆయన పోయి యాడాది కావస్తున్నది బిడ్డా" అన్నది పెద్దమ్మ. "గోడ మీద ఉన్నది పట్టా పాస్‌బుక్కుల ఫోటో. దాన్నే పెద్దగ జేసి పెట్టిండ్రు. అండ్ల ఆయన ఎవరో తిడుతుంటే పడుతున్నట్టు ఉంటడు. మా తమ్ముడు ఒకపారి మోటరు కాడ తీసిండు, సద్ది తింటుంటే. గది కావాలె నాకు. సంవత్సరీకం నాటికి గోడ మీద గదుండాలె. ఇగ నాకు ఏ కోరిక లేదు."

సంవత్సరీకానికి ఇరవైరెండు రోజులున్నాయి. కొడుకు నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, అమ్మ యాడాదినుంచి ఇదొక్కటే పట్టుకున్నది. పోయినోడి ఫోటోకు ఏం పని అంటే ఇనదు. జర సక్కగ చెయ్యి" అన్నాడు.

ఒక స్లైడుకు నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టేది. నూట నలభై మూడింటికి తొమ్మిది గంటల యాభై అయిదు నిమిషాల యాభై సెకన్లు, మధ్యలో కరెంటు పోకపోతే. పోయింది. స్లైడ్లు మిర్యాలగూడలో రైస్‌మిల్లు పక్క ఇంట్లో ఉండి వచ్చినవి గనుక ప్రతిదాని మీదా సన్నటి తవుడు పేరుకొని ఉంది. తుడిచి, ఊది, పెట్టి, తీసి, నాలుగు రోజులు నేను చూసింది వరి పురుగులను. నూట పదిహేడు స్లైడ్లు పురుగులవే. కాండం తొలిచేవి, ఆకు చుట్టేవి, దోమపోటుకు ఎండిన మళ్లు. మరో పదహారు ఎరువుల సంచులు. ఒక పెళ్లివి ఆరు. చివరికి నాలుగు స్లైడ్లలో ఒక మనిషి ప్రత్యక్షమయ్యాడు. కాలువ గట్టు మీద మోటరు గది గోడకు ఆనుకొని, బనీను, పంచె, ఒడిలో గిన్నె. ఎవరో ఏదో అంటే నవ్వబోతూ, నోట్లో ముద్ద ఉంది గనుక ఆగిపోయిన ముఖం. పురుగుల తరువాత చూసినందువల్లనేమో, ఆ ముఖం నాకు అసాధారణంగా అందంగా కనిపించింది. ఆయన ఎడమచేత్తో అన్నం తింటున్నాడు.

ఇక్కడ చదివేవారికి ఒక సాంకేతిక విషయం చెప్పక తప్పదు. స్లైడుకు ఒక వైపు మెరుస్తుంది, ఇంకో వైపు మసకగా ఉంటుంది. మెరిసే వైపు మనవైపు ఉండేట్టు పట్టుకుంటే బొమ్మ సరైన దిశలో కనిపిస్తుంది. తిప్పితే అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారవుతాయి. ఈ పరీక్ష ప్రకారం ఆ నాలుగు స్లైడ్లూ సరిగ్గా ఉన్నాయి. అంటే ఆ మనిషి నిజంగా ఎడమచేత్తోనే తింటున్నాడు. అయితే పెళ్లి స్లైడ్లలో అదే మనిషి బంతిలో కూర్చొని కుడిచేత్తో తింటున్నాడు; షామియానా మీది అక్షరాలు సరిగ్గా చదవగలిగేట్టు ఉన్నాయి గనుక అవి నిస్సందేహంగా సరైనవి. ఒక మనిషి రెండు చేతులతో అన్నం తినడు. కనుక ఏదో ఒకటి తప్పు. నేను చదివిన చదువు స్లైడును నమ్మమన్నది. నేను పెరిగిన ఇల్లు, అన్నంలో ఎడమచెయ్యి పెడితే మా నానమ్మ వేళ్ల మీద గరిటెతో కొట్టిన ఇల్లు, ఎక్కడైనా అట్లా తింటారా అన్నది. నేను ఇంటి మాట విన్నాను. విని, దానికి చదువుకున్నవాడి కారణం ఒకటి తొడిగాను: ఇవి అసలు స్లైడ్లు కావు, నకళ్లు అయి ఉంటాయి, నకలు తీసేటప్పుడు మసక వైపు తారుమారు కావచ్చు. (కావచ్చు. ఆ నాలుగు నకళ్లని అనుకోవడానికి మాత్రం నా దగ్గర ఏ ఆధారమూ లేదు.) నోటుపుస్తకంలో ఏడవ నిబంధన రాశాను: 'భోజనము చేయు హస్తము కుడిహస్తముగా గ్రహింపవలెను.' నాలుగు ఫైళ్లనూ కుడిఎడమలు మార్చి 'సరి' అనే ఫోల్డరులో పెట్టాను. మార్చనివి పారేయడం నా పద్ధతికి విరుద్ధం గనుక వాటిని 'తప్పు' అనే ఫోల్డరులో పెట్టి, రెంటినీ ఒక సీడీలోకి ఎక్కించాను.

పెద్ద ప్రింటు తీసి, ఫ్రేముకు ముందు ఒకసారి చూపిద్దామని నేనే చిలుకూరు వెళ్లాను. పెద్దమ్మ నల్లద్దాలు తీసి, ప్రింటును కిటికీ దగ్గరికి పట్టుకుపోయి, చాలాసేపు చూసింది.

"ఈయన మా ఆయన గాదు" అన్నది.

కొడుకు నా ముఖం చూశాడు, నేను కొడుకు ముఖం చూశాను. "నాయిన గాకపోతే ఎవరే?" అన్నాడు అతను. "ఆ మోటరు సూడు, మనది గాదా?"

"మోటరు గూడ మనది గాదు."

"బనీను?"

"బనీను మనదే" అని ఒప్పుకున్నది ఆమె, న్యాయంగా.

కోడలు లోపలినుంచి మంచినీళ్లు తెచ్చి, మెల్లగా, "ఆపరేషన్ కన్ను ఇంకా కుదరలేదండీ అత్తమ్మకు" అన్నది. భోజనం చేసి పొమ్మన్నారు. నాలుగేళ్ల మనవరాలు నా పక్కనే కూర్చొని ఎడమచెయ్యి పళ్లెంలో పెట్టింది. కోడలు ఆ చేతి మీద ఒక దెబ్బ వేసి, "ఆ చెయ్యి కాదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు" అని కుడిచెయ్యి పెట్టించింది. నా ఏడవ నిబంధన కళ్లముందే నిరూపితమైనట్టు అనిపించి తృప్తిగా భోంచేశాను. పెద్దమ్మ పప్పు వడ్డిస్తూ నన్నే చూస్తున్నది. అది చూపు మందగించిన మనిషి చూసే చూపు కాదని నాకు అప్పుడు తోచలేదు.

తిరిగి వచ్చి, వెలుతురు పెంచి, నీడలు తగ్గించి, రెండో ప్రింటు తీశాను. "జర తెల్లగ చెయ్యమని ముందే చెప్పిన గదా" అన్నాడు చిన్నాయన. రెండోసారి వెళ్లేనాటికి సంవత్సరీకానికి ఆరు రోజులున్నాయి. ఆమె మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది, మళ్లీ చూసింది.

"మంచిగనే తీసినవు బిడ్డా. గని ఈయన గాదు."

కొడుకుకు ఓపిక అయిపోయింది. "ఇగ ఖతం. పాస్‌బుక్కు ఫోటోనే ఉంటది. అమ్మకు మతి ఆగం అయితున్నది తమ్మీ, నిన్ను ఊకెనే పరేషాన్ చేస్తున్నం" అన్నాడు. నేను ఊరుకోవలసింది. ఊరుకోకుండా, ఫోటోలోని ప్రతి చుక్కా అసలు స్లైడులో ఉన్నదేననీ, అందులోకి వేరే మనిషి రావడానికి ఏ విధంగానూ అవకాశం లేదనీ, ఆమె ముందే, పది నిమిషాలు వివరించాను. ఆమె అంతా విన్నది. అయిపోయాక, "బస్సు దాక నేనొస్త పా" అన్నది. కోడలు ఎండ అన్నది. ఆమె చెప్పులు వేసుకున్నది.

బస్సు ఆగే చోట కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. దాని కిందనుంచి, ఆ వైపు పొలాలన్నిటికీ నీళ్లిచ్చే ప్రాజెక్టు ఎడమ కాలువ నీళ్లే ఏదో తూములోంచి వచ్చి పారుతున్నాయి. ఆమె అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకొని అడిగింది.

"ఆ ఫోటోల ఆయన ఏ చేత్తో తింటున్నడు?"

"కుడిచేత్తోనే, పెద్దమ్మా."

"నా ముందట ఆయన ఎన్నడు కుడిచేత్తో తినలే."

ఆమె గొంతు తగ్గించి, ఎవరినో చాటుగా తీసుకుపోతున్నట్టు చెప్పింది. "ఆయనది పుర్రచెయ్యి. మా అత్త చిన్నప్పుడే కొట్టి మాన్పిచ్చింది. ఇంట్ల, పెండ్లిళ్ల కుడిచేత్తోనే తినేటోడు, సగం ఆకలితోటి లేసేటోడు. ఆ చేత్తోటి ముద్ద కలుపుడు ఆయనకు సచ్చేదాక రాలే. ముప్పై ఏండ్లు మోటరు కాడికి సద్ది నేనే తీస్కపోయిన, ఎందుకనుకున్నవు? పంపనీకె మనుషులు లేకనా? గాడ ఎవరు సూడరు. గట్టు మీద కూసొని కడుపునిండ తినేటోడు."

"మరి మీ అబ్బాయికి..."

"ఎర్క లేదు. కొడుకు ముందట గూడ దాసిండు. ఆయన దాసుకున్నదాన్ని నేను ఎట్ల చెప్త?"

నేను తలవంచుకొని నా నేరం ఒప్పుకున్నాను. స్లైడులో ఆయన ఎడమచేత్తోనే తింటున్నాడనీ, నేనే తప్పనుకొని తిప్పాననీ చెప్పాను. ఆమె కోప్పడలేదు. చాలాసేపటినుంచి వెతుకుతున్న తాళంచెవి తన కొంగునే ఉన్నదని తెలిసినట్టు నవ్వింది. "అదే మరి. మోటరు గూడ అటుదిటు అయిందాయె. నాకేమో నిజంగనే మతి పోతున్నదేమోనని నాలుగు దినాలు బుగులు పట్టింది. తిప్పకుంట ఇయ్యి బిడ్డా."

"గోడ మీద పెడితే అందరికీ తెలుస్తుంది కదా, పెద్దమ్మా?"

"ఆయన చెప్పలే, నేను చెప్పలే. ఫోటో చెప్తే నేనేం జేస్త?" అని, "నువ్వు మాత్రం చెప్పకు" అన్నది.

సంవత్సరీకం రోజున మూడో ప్రింటు ఫ్రేముతో సహా గోడ ఎక్కింది. చిన్నాయన కూడా వచ్చాడు (భోజనాలున్న చోటికి సామాను స్వయంగా చేర్చడం మా స్టూడియో సంప్రదాయం). బంతి మధ్యలో, పులుసు వడ్డించే వేళకు, కొడుకు తల ఎత్తాడు.

"తమ్మీ, నాయిన ఎడమచేత్తోటి తింటుండేంది?"

బంతిలోని తలలన్నీ లేచాయి. "ఉల్టా పడ్డది" అన్నారొకరు. "పిల్లలకు పని అప్పజెప్తే గిట్లనే ఉంటది" అన్నారు మరొకరు. చిన్నాయన నావైపు తిరిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన పదహారేళ్ల స్టూడియో పేరు నా ఆకులో పడి ఉన్నట్టు చూశాడు. నా దగ్గర సమాధానం ఉంది. మెరిసే వైపు, మసక వైపు, షామియానా మీది అక్షరాలు, అన్నీ వరుసగా నాలుక చివరకు వచ్చి నిలబడ్డాయి. నా జీవితంలో మొదటిసారి ఒక ఫోటో అన్ని విధాలా సరిగ్గా చేసి ఇచ్చాను, అది తప్పని నలభైమంది అంటున్నారు. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో గారెల పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. నావైపు చూడలేదు. పళ్లెం మాత్రం కదలడం మానేసింది.

"అవునన్నా" అన్నాను. "పొరపాటైంది. ఉల్టా పడింది."

"అయితే తీసి సక్కగ ఏపిచ్చుకొస్త" అని అతను చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు.

"సంవత్సరీకం నాడు గోడ ఎక్కిన ఫోటోను దించొద్దు" అన్నది పెద్దమ్మ, పంతులు చెప్పినంత నిబ్బరంగా. "మంచిది గాదు." (అటువంటి ఆచారం ఒకటున్నట్టు నేను అంతకుముందు వినలేదు, ఆ తరువాతా వినలేదు. బంతిలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు మాత్రం తెలిసినట్టే తల ఊపారు.)

అప్పటిదాకా తలవంచుకొని తింటున్న మిర్యాలగూడ తమ్ముడు, ఆ ఫోటో తీసిన మనిషి, తల ఎత్తకుండానే, "ఉండనీయ్యి అల్లుడా, ఏమయితది. మీ నాయిన ఎడమ కాలువ కింద రైతు గదా, కుడిచేత్తోటి తింటే ప్రాజెక్టోళ్లు నీళ్లు బంద్ జేస్తరు" అన్నాడు. బంతి అంతా నవ్వింది. నవ్వులో ఫోటో సంగతి కొట్టుకుపోయింది. పెద్దమ్మ నా ఆకు దగ్గరికి వచ్చి, అడగకుండా, వద్దంటున్నా వినకుండా, అయిదు గారెలు వేసింది.

ఆ తరువాత సూర్యాపేటనుంచి కోదాడ దాకా, కనీసం మాకు పని ఇచ్చేవాళ్లలో, మాది 'ఉల్టా స్టూడియో' అయింది. చిన్నాయన నాతో ఒక నెల ముక్తసరిగా మాట్లాడాడు. నా నోటుపుస్తకాన్ని చూపించి, "గన్ని రాసినవు, ఏ చెయ్యి ఏందో రాయలే" అన్నాడు. రాశాను, తప్పుగా రాశాను అని చెప్పలేకపోయాను. ఉద్యోగం వచ్చింది. కొలత పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో కొలిచే ఉద్యోగం. ఇరవై ఏళ్లకు పైగా అదే చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్క తప్పుడు కొలతకు సంతకం పెట్టలేదు. అయినా మా బంధువుల పెళ్లిళ్లలో ఫోటోలు తీస్తుంటే ఎవరో ఒకరు నావైపు చూసి, "ఉల్టా రాకుంట సూడుండ్రి" అంటూనే ఉంటారు.

పోయిన నెల ఒక ఆదివారం, అక్క పంపిన పెట్టెలో మూడువందల పన్నెండో ఫోటో అద్దం మీద ఉండగా, ఒక అమ్మాయి వచ్చింది. చిలుకూరు పెద్దమ్మ మనవరాలినన్నది. కోదాడలో బడిలో లెక్కలు చెబుతున్నదట. నాయనమ్మ పోయి మూడేళ్లయింది. మొన్న ఇంటికి రంగులు వేయించినప్పుడు వాళ్ల నాన్న ఫ్రేము దించి, కోదాడలో ఒక దుకాణంలో ఇచ్చాడు. వాళ్లు ఫోనులో ఒక్క వేలితో తిప్పి 'సక్కగ' చేసి ఇచ్చారు. పాత ప్రింటు తేమ పట్టి ఉంటే పారేశారు.

"నాకు ఆ ఉల్టాది కావాలె అంకుల్" అన్నది. "అదే సీదాది అని నాకెర్క."

ఎట్లా తెలుసునని అడిగాను. "మా అమ్మ కొట్టినప్పుడల్లా నాయినమ్మ నన్ను పెరట్లకు తీస్కపోయి అన్నం పెట్టేది, ఏ చేత్తో తిన్నా సూడకుంట. రోజు. ఒకనాడు లోపటికి తీస్కపోయి ఫోటో సూపిచ్చి, తాతను సూడు, ఎవ్వరికి చెప్పకు అన్నది." ఇది రాసుకోవచ్చా అని నేను అడిగితే, "రాయుండ్రి. ఇప్పుడు తాతను కొట్టెటోళ్లు ఎవరున్నరు" అన్నది.

సీడీ వెతకడానికి గంటన్నర పట్టింది. సీడీ చదివే కంప్యూటరు కోసం మరో అరగంట. చివరికి తెర మీద రెండు ఫోల్డర్లు వచ్చాయి, 'సరి', 'తప్పు'. రెండోది తెరిచాను. మోటరు గది గోడకు ఆనుకొని, నోట్లో ముద్దతో, నవ్వబోయి ఆగిన మనిషి. ఆ అమ్మాయి తెరకు దగ్గరగా వంగి చూసింది. తరువాత ఫోల్డరు పేరు చదివి, నావైపు చూసి నవ్వింది.

"పేరు మార్చుండ్రి అంకుల్."

మార్చబోయాను. ఆ రకం సీడీలో ఒకసారి రాసినదాన్ని తిరిగి రాయడం సాధ్యపడదు. ఆ సంగతి కూడా నోటుపుస్తకంలో ఉంది, మూడో నిబంధనగా, రెండు గీతలతో. ఫైలు ఆమె పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాను, ఆమె ఎడమచేత్తో అందుకున్నది. సీడీని మళ్లీ డబ్బాలో పెడుతుంటే, ఆ అక్షరాలు అంత నిశ్చయంగా పెట్టిన కుర్రవాడు గుర్తొచ్చాడు. ఇరవై రెండేళ్ల వయసు, చెవి మీద పెన్సిలు, ముందు తవుడు పట్టిన స్లైడ్లు, ఎదురుగా తప్పు లేని ప్రపంచం. కోప్పడదామనుకున్నాను గాని, ఎందుకో ముందు నవ్వొచ్చింది. తరువాత మూడువందల పన్నెండో ఫోటో తీసి, వెనకాముందూ చూసి, అద్దం మీద పెట్టే ముందు అక్కకు ఫోను చేశాను, ఇందులో ఉన్న మేనమామ ఏ చేత్తో తినేవాడో ఒకసారి అడుగుదామని.